మా రిపోర్టు మాకెప్పుడిస్తారు?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలంలోని ఒక ఊరు. మా చిన్నాన్న కిడ్నీ జబ్బుతో మూడేళ్లు డయాలసిస్ చేయించుకుని చనిపోయారు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఎవరో ఒకరు వచ్చి మా ఇంట్లో రక్తం, మూత్రం, బోరు నీళ్లు పట్టుకుపోతూనే ఉన్నారు. నాకు గుర్తున్నంతలోనే ఐదుసార్లు వచ్చారు. నాలుగేళ్ల కిందట ఒక్కసారి మాత్రం నాన్న పేరు మీద చీటీ వచ్చింది. అందులో క్రియాటినిన్ 1.6 అని ఉంది, అంతకుమించి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఇప్పుడొక విశ్వవిద్యాలయం వాళ్లు వచ్చి, మూడేళ్లపాటు ఆరు నెలలకోసారి పరీక్షలు చేస్తామని, పద్దెనిమిదేళ్లు నిండిన వాళ్లమంతా చేరాలని అడుగుతున్నారు. చిన్నాన్న భార్య, మా పిన్నే ఊళ్లో ఆశా కార్యకర్త. "మన ఊరి మంచికే కదా, సంతకాలు పెట్టేయండి" అంటోంది. నాన్నకు 52 ఏళ్లు, కొబ్బరి తోటలో పని. "ఇన్నాళ్లూ తీసిన రక్తం ఏ బిందెలో పోశారో ముందు చెప్పమను" అని కోప్పడుతున్నారు. అమ్మ జీడి పిక్కల పనికి వెళ్తుంది, పరీక్ష రోజు కూలి పోతుందని ఆమె బాధ. నాయనమ్మకు చదువు రాదు. మేం చేరాలా, వద్దా? చేరితే మాకేమిటి?
— ఉద్దానం నుంచి ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీ ప్రశ్నకు జవాబు చెప్పేముందు మీ లేఖలో మీరు దాటుకుంటూ వెళ్లిపోయిన ఒక అంకె దగ్గర నేను ఆగిపోయాను. నాలుగేళ్ల కిందట మీ నాన్నగారి క్రియాటినిన్ 1.6. క్రియాటినిన్ అంటే కిడ్నీలు రక్తం నుంచి వడకట్టి బయటికి పంపవలసిన ఒక వ్యర్థ పదార్థం, కిడ్నీలు దెబ్బతింటే అది రక్తంలో పెరుగుతుంది. ఆ వయసు మగవారిలో ఆ అంకె కనిపించిందంటే కిడ్నీల పనితీరు ఇంచుమించు సగానికి పడిపోయి ఉండవచ్చు. ఒక్క పరీక్షతో జబ్బు అని తేల్చకూడదు, కనీసం మూడు నెలల తేడాతో మళ్లీ చూసి, రెండోసారీ అలాగే ఉంటేనే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు. ఆ రెండో పరీక్ష నాలుగేళ్లయినా జరగలేదు. కాబట్టి అధ్యయనంలో చేరే సంగతి తరువాత చూద్దాం, ఈ వారంలోనే ఆయనను మీ పీహెచ్‌సీకి గానీ, పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభించిన కిడ్నీ పరిశోధన కేంద్రం, సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి గానీ తీసుకువెళ్లి క్రియాటినిన్, మూత్ర పరీక్ష, బీపీ, షుగర్ చూపించండి. ఆ పాత చీటీ తప్పకుండా వెంట తీసుకువెళ్లండి, ఎందుకంటే వైద్యునికి నేటి అంకె ఎంత ముఖ్యమో, నాలుగేళ్లలో అది ఎంత కదిలిందన్నదీ అంతే ముఖ్యం. చెట్టు ఎక్కి దిగిన రోజున ఒళ్లు నొప్పులకు దుకాణంలో గానీ ఆర్‌ఎంపీ దగ్గర గానీ నొప్పి మాత్రలు తీసుకునే అలవాటు ఆయనకు ఉంటే, డాక్టరు చూసేవరకు వాటిని మాన్పించండి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు దెబ్బతిన్న కిడ్నీని మరింత దెబ్బతీస్తాయి.

ఇక మీ నాన్నగారి కోపం గురించి. అది న్యాయమైన కోపం. నేను కమ్యూనిటీ మెడిసిన్‌లో పీజీ చదువుతున్న రోజుల్లో మా విభాగం తరఫున ఒక గ్రామంలో ఇంటింటికీ తిరిగి రక్తం సేకరించాం. ఏడాది తరువాత వేరే పని మీద అదే ఊరికి వెళితే, ఒక పెద్దావిడ వాకిట్లో చేటలో బియ్యం చెరుగుతూ నన్ను గుర్తుపట్టి, చేట పక్కన పెట్టి లేచి వచ్చి, "బాబూ, నా రక్తంలో ఏం కనబడింది?" అని అడిగింది. ఆమె చెయ్యి చాచి నిలుచుంది, నేను కాగితం ఇస్తాననే అనుకుంది. ఆ ఊరి ఫలితాలన్నీ అప్పటికి మా విభాగంలోని ఇనప బీరువాలో ఉన్నాయి, వాటి ఆధారంగా ఒకరి థీసిస్ పూర్తయి డిగ్రీ కూడా వచ్చింది. ఆమెకు రక్తహీనత ఉందో లేదో మాత్రం ఆమెకు చెప్పాలని మాలో ఎవరికీ తట్టలేదు. ఈ రంగంలో ఇన్నేళ్లు పనిచేశాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటే: ఎవరి ఒంట్లోంచి తీసిన సమాచారమో వారికి తిరిగి చేరకపోతే, ఆ అధ్యయనం ఎంత పెద్ద పత్రికలో అచ్చయినా సగమే జరిగినట్టు. మీ చేతిలో ఉన్న చీటీ కూడా సగమే చేరింది. అంకె వచ్చింది గాని, ఆ అంకెకు అర్థం రాలేదు.

ఈ కోపంతోనే తలుపు వేసేయమని మాత్రం నేను చెప్పలేను. ఐదుసార్లు తీశారు కదా, ఆరోసారి దేనికన్న మీ నాన్నగారి ప్రశ్నకు శాస్త్రపరమైన జవాబు ఉంది, అది ఆయనకు ఎవరూ విడమరిచి చెప్పి ఉండరు. కిడ్నీలు సగం వరకు దెబ్బతిన్నా రక్తంలో క్రియాటినిన్ పెద్దగా పెరగకపోవచ్చు. అందులోనూ ఉద్దానంలో కనిపించే జబ్బు తీరు వేరు. చాలామంది రోగులకు షుగర్ ఉండదు, తొలిదశలో కాళ్ల వాపులు ఉండవు, మూత్రంలో ప్రొటీను కూడా ఎక్కువగా పోదు. చడీచప్పుడు లేకుండా ముదిరి, మనిషి ఆయాసంతోనో వాంతులతోనో ఆసుపత్రికి చేరేసరికి డయాలసిస్ దశకు వచ్చేసి ఉంటుంది. ఒకసారి వచ్చి రక్తం తీసుకుపోయే సర్వే ఎంతమందికి జబ్బు ఉందో చెప్పగలదు గాని, ఎవరికి ఎప్పుడు మొదలైంది, మొదలయ్యేముందు వారు ఏ నీళ్లు తాగారు, ఎంత ఎండలో పనిచేశారు, ఏ మందులు వాడారు, ఏ పురుగుమందు పిచికారీ చేశారు అన్నది చెప్పలేదు. అందుకు జబ్బు లేనివారిని కూడా కలుపుకుని, అదే మనుషులను, అదే ల్యాబులో, అదే పద్ధతిలో ఏళ్ల తరబడి చూడవలసి ఉంటుంది. మీ ఇంట్లో ఆరోగ్యంగా ఉన్నవారి రక్తం కూడా ఎందుకు అడుగుతున్నారంటే కారణం ఇదే. ఆరు నెలలకోసారి మూడేళ్లు అని వారు చెప్పడం వల్లనే ఇది ఇంతకుముందు వచ్చినవాటి కంటే పనికివచ్చే అధ్యయనం కావచ్చునని నాకు అనిపిస్తోంది.

ఇంతవరకు జరిగిన పరిశోధన వల్ల ఏమీ ఒరగలేదనడం కూడా సరి కాదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, వజ్రపుకొత్తూరు, మందస మండలాల్లో ఏదో జరుగుతోందని ఊళ్లవాళ్లు ఏళ్లుగా మొత్తుకుంటున్నా, పద్ధతి ప్రకారం గ్రామాలను ఎంపిక చేసి లెక్కలు తీసిన అధ్యయనాలు పెద్దవారిలో సుమారు ఐదుగురిలో ఒకరికి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉందని, అందులో అధిక భాగానికి తెలిసిన కారణమేదీ లేదని చూపించాకనే ఆ మొరకు కాదనలేని బలం వచ్చింది. డయాలసిస్ కేంద్రాలు, పింఛను, పలాస ఆసుపత్రి, హిరమండలం జలాశయం నుంచి పైపుల ద్వారా తాగునీరు, ఇవన్నీ ఉద్యమాల వల్ల, వార్తల వల్ల ఎంత వచ్చాయో, ఆ లెక్కల వల్లా అంత వచ్చాయని నేను నమ్ముతాను. నీటిలో సిలికా, ఎండలో ఒళ్లు ఆరిపోయేలా చేసే పని, పురుగుమందులు, భార లోహాలు, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం అంటూ ఎన్నో అనుమానాలు ఉన్నాయి. ఏ ఒక్కటీ ఇంకా దోషిగా తేలలేదు. శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలోని వరి రైతులు, ఎల్ సాల్వడార్, నికరాగువాల్లో చెరకు నరికే కూలీలు కూడా ఇటువంటి జబ్బుతోనే పోతున్నారు.

నికరాగువా సంగతి మీ నాన్నగారికి ప్రత్యేకంగా చెప్పండి. అక్కడ కూడా అసలు కారణం పూర్తిగా తేలలేదు. అయినా ఒక చక్కెర మిల్లులో పరిశోధకులు, యాజమాన్యం కలిసి కూలీలకు పని మధ్యలో నీడ, నీళ్లు, విశ్రాంతి వేళలు పెంచి, అదే సమయంలో రక్త పరీక్షలు చేస్తూ పోతే, కోత కాలంలో కిడ్నీ దెబ్బతినేవారి సంఖ్య బాగా తగ్గింది. ఆ కూలీలు పదేపదే రక్తం ఇచ్చారు కాబట్టే ఆ సంగతి బయటపడింది. మన దగ్గరే మరో ఉదాహరణ ఉంది. అప్పటి నెల్లూరు జిల్లాలో దున్నే ఎడ్లు కీళ్లు బిగుసుకుపోయి నడవలేకపోవడం మొదట గమనించింది రైతులే అంటారు. అదే జబ్బు మనుషుల్లోనూ ఉందని, దానికి నీటిలోని ఫ్లోరైడ్ కారణమని 1937లో వైద్య పత్రికలోకి ఎక్కింది. చూసినవాడు రైతు, రుజువు చేసినవాడు శాస్త్రజ్ఞుడు, ఇద్దరిలో ఎవరు లేకపోయినా ఆ సంగతి మనకు తెలిసేది కాదు. కారణం తెలిశాక కూడా చాలా ఊళ్లకు మంచినీళ్లు రావడానికి దశాబ్దాలు పట్టిందన్నది మరో బాధ, దాని గురించి ఇంకోసారి రాస్తాను.

చేరితే మాకేమిటి అని అడిగారు. ఇక్కడ తియ్యటి మాటలు చెప్పడం నాకు ఇష్టం లేదు. అధ్యయనం అంటే వైద్యం కాదు. మూడేళ్లు రక్తం ఇచ్చినంత మాత్రాన మీ ఇంట్లో ఎవరికీ జబ్బు రాకుండా పోదు, వచ్చినవారికి తగ్గదు. మీకు నేరుగా అందగలిగినది ఒక్కటే: ఆరు నెలలకోసారి నమ్మకమైన పరీక్ష, దాని ఫలితం, తేడా కనిపిస్తే వెంటనే వైద్యుడి దగ్గరికి దారి. ఆ దారి ముందే వేసి ఉందా లేదా అన్నది మీరు అడగవలసిన మొట్టమొదటి ప్రశ్న. పశ్చిమ గోదావరి జిల్లాలో 18 పీహెచ్‌సీల పరిధిలో ఆశా కార్యకర్తలకు ట్యాబ్‌లు ఇచ్చి, గుండెజబ్బు, పక్షవాతం ముప్పు ఉన్నవారిని ఇంటింటా గుర్తించి డాక్టరు దగ్గరికి పంపే పద్ధతిని కొన్నేళ్ల కిందట పరీక్షించారు. ఆశాలు పని చక్కగా చేశారు, కానీ చివరికి బీపీ అదుపులోకి వచ్చినవారి శాతంలో చెప్పుకోదగిన తేడా రాలేదు. ఆ ఫలితాన్ని దాచకుండా ప్రచురించిన పరిశోధకులను నేను గౌరవిస్తాను. గుర్తించడం ఒక్కటే సరిపోదు, గుర్తించాక పీహెచ్‌సీలో డాక్టరు ఉండాలి, మందు ఉండాలి, రోగి మళ్లీ మళ్లీ వెళ్లగలగాలి. కాబట్టి ఆ బృందాన్ని సూటిగా అడగండి: "మా ఇంట్లో ఎవరికైనా క్రియాటినిన్ ఎక్కువ వస్తే ఎన్ని రోజుల్లో చెబుతారు, ఎవరు చెబుతారు, ఎక్కడికి పంపుతారు, ఆ సంగతి మా పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసరుకు రాతపూర్వకంగా తెలియజేస్తారా?" దీనికి తడుముకోకుండా జవాబు చెప్పగలిగితే వారు ఆలోచించి వచ్చినవారు. "చూద్దాం" అంటే మీరూ చూద్దాం అనండి.

సంతకం విషయానికి వస్తే, దాన్ని రేషన్ కార్డు మీద పెట్టే సంతకంలా చూడకండి. భారత వైద్య పరిశోధన మండలి 2017లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం, ఏ అధ్యయనమైనా ముందుగా ఎథిక్స్ కమిటీ, అంటే పాల్గొనేవారికి అన్యాయం జరగకుండా చూసే సంఘం, అనుమతి పొందాలి. అధ్యయనం ఎందుకు, ఏం తీసుకుంటారు, ఎంతసేపు పడుతుంది, నష్టమేమిటి, లాభమేమిటి అన్నవి మీకు అర్థమయ్యే భాషలో రాసిన సమాచార పత్రం ఇవ్వాలి, దాని ప్రతి మీ దగ్గర ఉంచుకునే హక్కు మీకుంది. అందులో ముఖ్య పరిశోధకుడి పేరు, ఫోన్ నంబరు, ఎథిక్స్ కమిటీని సంప్రదించే వివరాలు ఉండాలి. నంబరు ఉంటే అక్కడే ఒకసారి ఫోన్ చేసి చూడండి, అది తప్పేమీ కాదు. ఏ రోజైనా, కారణం చెప్పకుండా, అధ్యయనం నుంచి తప్పుకోవచ్చు. అందువల్ల ఆసుపత్రిలో మీకు అందే వైద్యం గానీ, డయాలసిస్ గానీ, పింఛను గానీ ఆగకూడదు. ఈ చివరి మాట పత్రంలో ఉందో లేదో మీరే వేలు పెట్టి చదివి చూడండి. నాయనమ్మగారికి చదివి వినిపించి, వేలిముద్ర వేయించుకునేటప్పుడు, బృందానికి సంబంధం లేని సాక్షి ఒకరు పక్కన ఉండాలి. మీ పిన్నిగారు ఈ అధ్యయనానికి సాయం చేస్తున్నారు గనుక ఆమె ఆ సాక్షిగా ఉండడం సరికాదు. బడి మాస్టారినో, చదువుకున్న పొరుగింటివారినో పిలవండి.

ఈ జాగ్రత్తలు చాదస్తం అనిపిస్తే ఖమ్మం జిల్లాను గుర్తుచేసుకోవాలి. 2009లో అక్కడ 10 నుంచి 14 ఏళ్ల బాలికలు సుమారు 14 వేలమందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే టీకా వేసే పథకం ఒకటి నడిచింది. చాలామంది ఆదివాసీ పిల్లల విషయంలో తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు పెట్టారని తరువాత బయటపడింది. 2010లో ఆ పథకాన్ని ఆపేశారు, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. ఆ కాలంలో జరిగిన మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు, ఆ టీకా ఎన్నో దేశాల్లో ఆడపిల్లల ప్రాణాలు కాపాడుతున్న మంచి టీకా. అయినా తల్లి పెట్టవలసిన సంతకం ఇంకొకరు పెట్టినందువల్ల, ఆ ప్రాంతంలో టీకా అన్న మాట మీదే జనానికి నమ్మకం పోయింది. అంగీకారం సరిగా తీసుకోకపోతే నష్టం ఆ ఒక్క అధ్యయనానితో ఆగదు.

మీ పిన్నిగారి మీద మాత్రం కోపం తెచ్చుకోకండి. ఆమె భర్తను ఆ జబ్బే తీసుకుపోయింది. మరో ఇంట్లో అలా జరగకూడదన్న ఆత్రమే ఆమె చేత "సంతకాలు పెట్టేయండి" అనిపిస్తూ ఉండవచ్చు. దానితోపాటు ఇన్ని ఇళ్లు చేర్పించాలని ఆమె మీద పై నుంచి ఒత్తిడి కూడా ఉండి ఉంటుంది. ఒకే ఇంటి మనిషి అడిగితే కాదనలేకపోవడం మన ఊళ్లలో సహజం, అందుకే ఈ విషయాన్ని ఆమెతో విడిగా కూర్చుని మాట్లాడండి. "పిన్నీ, మేం అడిగేవి నిన్ను కాదు, వాళ్లను. నువ్వే వాళ్లను మా ఇంటికి తీసుకురా" అనండి. ఈ ప్రశ్నలు ఊరంతటి తరఫున ఆమె అడిగితే ఇంకా మంచిది.

అమ్మగారి కూలి గురించి మొహమాటపడవద్దు. రాకపోకల ఖర్చు, పోయిన పని వేళకు పరిహారం ఇవ్వడం మార్గదర్శకాలు ఒప్పుకునే విషయమే. పరగడుపున రక్తం తీసుకోవలసి ఉంటే పనికి వెళ్లేముందే పూర్తయ్యేలా తెల్లవారుజామున రమ్మనండి, లేదా పనికి సెలవు ఉన్న రోజున పెట్టమనండి. మంచి బృందమైతే ఊరి పని వేళలను బట్టి తన వేళలు మార్చుకుంటుంది.

ఇంకొకటి మరచిపోకుండా చూసుకోండి. ఈ రోజు తీసే రక్తాన్ని పరీక్ష అయ్యాక పారేస్తారా, ఫ్రీజర్‌లో పెట్టి ఏళ్ల తరబడి దాచుకుంటారా, జన్యు పరీక్షలు చేస్తారా, దేశం దాటి పంపుతారా? దాచడం తప్పు కాదు, రేపు కొత్త పరీక్ష వస్తే ఆ నమూనాలే అక్కరకు రావచ్చు. విదేశీ సంస్థలతో కలిసి చేసే పనికీ, నమూనాలు బయటికి పంపడానికీ మన దేశంలో వేరుగా అనుమతులు కావాలి. కానీ దాచడానికి, జన్యు పరీక్షకు విడివిడిగా మీ అంగీకారం అడగాలి. ఒకదానికి సరే అని, మరొకదానికి వద్దు అనవచ్చు. ఉద్దానం పిల్లలకు పెళ్లి సంబంధాలు కుదరడమే కష్టమవుతోందని వింటున్నాం కాబట్టి, మీ పేర్లు, ఊరి పేరు ఎక్కడెక్కడ కనబడతాయో కూడా అడిగి తెలుసుకోండి.

ఇన్ని చెప్పాక నా సలహా: మీరు, అమ్మగారు చేరండి. నాయనమ్మగారు తనకు ఇష్టమైతే చేరుతారు. సంతకం పెట్టేముందు ఊరి రామమందిరం దగ్గరో, పంచాయతీ కార్యాలయంలోనో ఒక సమావేశం పెట్టమని బృందాన్ని కోరండి. పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసరును, ఏఎన్ఎంను పిలవండి. ఏడాదికోసారి వచ్చి, ఊళ్లో ఎంతమందికి పరీక్ష చేశారో, ఎంతమందికి తేడా కనిపించిందో, వారిలో ఎంతమందికి వైద్యం అందుతోందో తెలుగులో, నిలబడి, అందరిముందూ చెబుతామని అక్కడే మాట తీసుకోండి. ఎవరి రిపోర్టు వారి చేతికి, ఆ అంకెకు అర్థం చెప్పే రెండు వాక్యాలతో సహా అందాలి. వీలైతే ఒక నోటు పుస్తకంలో ఇంటిల్లిపాది అంకెలూ తేదీలతో మీరే రాసిపెట్టండి. మూడేళ్ల తరువాత బృందం వెళ్లిపోయినా ఆ పుస్తకం మీ దగ్గర ఉంటుంది, ఏ డాక్టరుకైనా పనికివస్తుంది.

మీ నాన్నగారిని బలవంతపెట్టకండి. సమావేశానికి ఆయనను పిలిచి, బిందె ప్రశ్న ఆయన్నే అడగనివ్వండి. జవాబు విన్నాక కూడా వద్దంటే ఆ వద్దును గౌరవించవలసిందే, పరిశోధన నియమాలు చెప్పేదీ అదే. అయితే అధ్యయనానికి వద్దన్నంత మాత్రాన పరీక్షకు వద్దన్నట్టు కాదని ఆయనకు విడమరిచి చెప్పండి. సర్కారు ఆసుపత్రిలో చేసే క్రియాటినిన్ పరీక్ష ఏ విశ్వవిద్యాలయం కోసమూ కాదు, ఆయన కోసం. ఈ వారం ఒకసారి, మూడు నెలలకు మరొకసారి ఆ పరీక్ష జరిగేలా మీరు చూసుకోండి. రెండు రిపోర్టులూ వచ్చాక నాకు మళ్లీ రాయండి.